పడమటి ఎండకు మట్టి జాలీ: డిజైన్ కంటే ముందు కన్నం లోతు చూడండి

మా ఇల్లు హనుమకొండలో, 150 గజాల జాగాలో కట్టుకున్నది, పడమటి ముఖం. ముందు 20 అడుగుల రోడ్డు, రోడ్డుకు అవతల మూడంతస్తుల ఇల్లు. మొదటి అంతస్తులో రోడ్డు వైపు బాల్కనీ, బాల్కనీ వెనక పడకగది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు దాటాక ఆ గదిలో కాలు పెట్టలేకపోయేవాళ్లం, పరుపు మీద చెయ్యి వేస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా తగిలేది. పర్దా వేస్తే గాలి ఆగిపోతుంది, వేడి మాత్రం తగ్గదు. పర్దా తీస్తే మా మంచం, బీరువా, ఆరేసిన బట్టలు అన్నీ ఎదురింటి బాల్కనీలోకి కనిపిస్తాయి. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల బాల్కనీలో వాళ్లు కూర్చుంటారు. కానీ మా అత్తమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా తలుపులన్నీ బిగించుకుని ఆ ఉక్కలో పడుకోవాల్సి వచ్చేది.

అందుకని బాల్కనీకి మట్టి జాలీ, అంటే కన్నాలున్న కాల్చిన మట్టి బిళ్లలు పేర్చి కట్టే తెర, పెట్టించాం. రెండుసార్లు పెట్టించాం, ఎందుకంటే మొదటిసారి తప్పు చేశాం. షాపులో ఫోటోల పుస్తకం చూసి పువ్వు డిజైన్ నచ్చి తీసుకున్నాం, కన్నం 4 అంగుళాలు, జాలీ మందం 2 అంగుళాలే. కట్టాక వచ్చినవాళ్లందరూ చాలా బాగుందన్నారు, నిజంగానే బాగుంది. వేసవి వచ్చింది, మధ్యాహ్నం రెండు దాటగానే ఆ పువ్వులన్నీ ఎండతో సహా వచ్చి మా మంచం మీద పడ్డాయి. సాయంత్రం ఐదు దాకా ఒక్కో పువ్వూ మంచం మీద నుంచి గోడ మీదికి పాకుతూనే ఉంటుంది. డబ్బు పోయింది, ఎండ పోలేదు. ఇది రాయడానికి కారణం అదే, మీరు ఒక్కసారి ఖర్చుతోనే బయటపడాలని.

ముందు ఎండ సంగతి

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దీనివల్ల మనకు ఏం జరుగుతుందంటే, మే నెల మధ్యలో ఒకసారి, జూలై ఆఖర్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు రోజుల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే వేసవిలో దక్షిణపు గోడకు నడినెత్తి ఎండ దాదాపు తగలదు, చలికాలంలో తగిలినా ఆ ఎండ మనకు హాయే, దానికి రెండడుగుల సజ్జ సరిపోతుంది. దక్షిణానికి జాలీ పెట్టి డబ్బు తగలేయకండి, చాటు కావాలంటే తప్ప. తూర్పు ఎండ పొద్దున పూటది, అప్పటికి ఇల్లు ఇంకా వేడెక్కి ఉండదు, దాన్ని ఓర్చుకోవచ్చు. బాధ పెట్టేదల్లా పడమరే, ఎందుకంటే పగలంతా కాగిన గోడ మీద, కాగిన గాలిలో, పైనుంచి కాకుండా ఎదురుగా వచ్చి తగులుతుంది. సజ్జ ఎంత ముందుకు పెంచినా సాయంత్రపు ఎండ దాని కిందనుంచి దూరి వస్తుంది.

మే నెలలో మన దగ్గర మూడింటికి సూర్యుడు నేల నుంచి సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నాలుగింటికి 35, ఐదింటికి 21 లేదా 22. జాలీ కన్నం అంటే ఒక చిన్న గూడు అనుకోండి. గూటి ఎత్తు తక్కువ, లోతు ఎక్కువ ఉంటే ఏటవాలుగా వచ్చే ఎండ గూటి అడుగునే పడి ఆగిపోతుంది. ఎత్తు ఎక్కువ, లోతు తక్కువ ఉంటే నేరుగా దాటి లోపలికి వస్తుంది. మా మొదటి జాలీ 4 అంగుళాల ఎత్తు, 2 అంగుళాల లోతు, దానికి 63 డిగ్రీల కింద ఉన్న ఎండ ఏదైనా లోపలికి దూరుతుంది, అంటే రెండింటి నుంచే మొదలు. ఇప్పుడు ఉన్నది రెండున్నర అంగుళాల ఎత్తు, 4 అంగుళాల లోతు. దీనికి 32 డిగ్రీల కిందికి దిగితే గానీ ఎండ దూరదు, అంటే మేలో దాదాపు నాలుగుంబావు దాకా నేరుగా ఒక్క చుక్క ఎండ గదిలో పడదు. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా రాదు, సన్నటి గీతలుగా మొదలై మెల్లగా పెరుగుతుంది, అప్పటికి ఎండలో ఆ పదును ఉండదు.

లెక్కలు ఇష్టం లేనివాళ్లకు కర్ర చాలు. ఎండ మండే రోజుల్లో ఒక ఆదివారం డాబా ఎక్కి, 12 అంగుళాల కర్రముక్కను చదునైన చోట నిటారుగా నిలబెట్టి, మీకు ఎన్నింటి దాకా ఎండ ఆగాలో ఆ టైముకు నీడ కొలవండి. మే మధ్యలో మూడింటికి 10 అంగుళాల పైన, నాలుగింటికి 17 దాకా, ఐదింటికి 30 దాకా వస్తుంది. ఇప్పుడు జాలీ లోతును 12తో గుణించి ఆ నీడ పొడవుతో భాగించండి, వచ్చిందే కన్నం ఉండదగిన ఎత్తు. నాలుగింటి దాకా ఆపాలి, జాలీ లోతు 4 అంగుళాలు అనుకుంటే 48ని 17తో భాగిస్తే 2.8 అంగుళాలు. లోతు 3 అయితే 2.1. లోతు 2 అంగుళాలే అయితే కన్నం 1.4 కంటే మించకూడదు, అంత చిన్న కన్నంతో గాలి ఏమొస్తుంది? షాపుకు పోయేముందు ఈ ఒక్క అంకె కాగితం మీద రాసుకుని పొండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే అట్టపెట్టెతో చూడండి. రెండోసారి నేను అదే చేశాను. చెప్పుల డబ్బాల అట్టను నాలుగంగుళాల పట్టీలుగా కోసి, అడ్డం నిలువు ఒకదాంట్లో ఒకటి దూర్చి, రెండున్నర అంగుళాల గళ్లు వచ్చేలా రెండడుగుల పలక ఒకటి చేసి, బాల్కనీ గ్రిల్‌కు తాడుతో కట్టి, నాలుగింటికి లోపల మంచం మీద కూర్చున్నాను. మంచం మీద ఆ పలక నీడ ఒక నల్లటి చతురస్రంలా నిండుగా పడింది, ఒక్క చిల్లు లేదు. నాలుగున్నరకు ప్రతి గడి కింద గోరంత వెలుగు గీత మొదలైంది. అప్పుడు ఆర్డర్ ఇచ్చాం.

చూపుల సంగతి

చాటు కోసం జాలీ రెండు రకాలుగా పనిచేస్తుంది, ఈ రెండింటినీ కలిపేసి జనం మోసపోతుంటారు. ఒకటి లోతు చేసే పని. పక్కింటి పై అంతస్తు కిటికీ మీకు 8 అడుగుల దూరంలో, 10 అడుగుల ఎత్తులో ఉందనుకోండి, అక్కడినుంచి చూపు 50 డిగ్రీల వాలుతో కిందికి వస్తుంది, పైన చెప్పిన లోతైన జాలీ దాన్ని పూర్తిగా ఆపేస్తుంది, ఎండను ఆపినట్టే. పక్కలనుంచి ఏటవాలుగా చూసేవాళ్లకూ అంతే, వాళ్లకు కన్నాల గోడలు తప్ప ఏమీ కనపడవు. రెండోది వెలుతురు చేసే పని. రోడ్డుకు అవతల, ఎదురుగా, అదే ఎత్తులో ఉన్నవాళ్ల చూపును లోతు ఆపలేదు, కన్నం ఎదురుగానే ఉంటుంది కదా. అక్కడ మనల్ని కాపాడేది బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ ఉండటం. పగలు వాళ్లకు మన జాలీ వెనక చీకటి మాత్రమే కనిపిస్తుంది, మనకు మాత్రం రోడ్డు, ఇస్త్రీ బండి, బడి నుంచి వచ్చే పిల్లలు అన్నీ కనిపిస్తాయి.

రాత్రి లైటు వేయగానే ఇది తిరగబడుతుంది. లోపల వెలుగు, బయట చీకటి, మన నీడలు అటూ ఇటూ తిరగడం రోడ్డు మీద ఎవరికైనా తెలుస్తుంది. మొదటి జాలీ పెట్టినప్పుడు మాకు ఈ సంగతి తట్టనే లేదు, ఎదురింటి వదినే ఒకరోజు మెల్లగా చెప్పింది, "రాత్రిపూట పర్దా వేసుకోండమ్మా" అని. కాబట్టి గది తలుపుకు ఒక పల్చటి పర్దా ఉంచుకోండి, రాత్రికి మాత్రమే. దాంతోపాటు జాలీ బయటి ముఖం మీద పడేలా పైనుంచి ఒక చిన్న లైటు పెట్టిస్తే, రోడ్డు నుంచి చూసేవాళ్లకు వెలుగుతున్న మట్టి ముఖమే కనిపిస్తుంది, దాని వెనకకు చూపు వెళ్లదు. బాల్కనీ లోపల, జాలీకీ గదికీ మధ్య లైటు పెడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం అవుతుంది.

ఏ జాలీ కొనాలి

కాల్చిన మట్టి జాలీ, పైన మెరుపు పూత వేసి కాల్చిన సిరామిక్ జాలీ, సిమెంట్ జాలీ, ఈ మూడే మనకు ఎక్కువగా దొరికేవి. సిమెంట్‌ది చవక, బరువు ఎక్కువ. మెరుపు పూత ఉన్నది నీళ్లు పీల్చదు, తుడిస్తే దుమ్ము పోతుంది, రంగులు దొరుకుతాయి, ధర మాత్రం బాగా ఎక్కువ, అంచు పెచ్చు ఊడితే లోపలి మట్టి రంగు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నా మాట అడిగితే ఇంటికి కాల్చిన మట్టిదే మంచిది, పాతబడ్డా అందం తగ్గదు. మన వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రాతి జాలీ పని ఇప్పటికీ కళ్లముందే ఉంది, ఒక్కసారి పోయినప్పుడు డిజైన్ ఒక్కటే చూసి రాకండి, రాయి ఎంత మందం ఉంచి తొలిచారో కూడా చూడండి.

మట్టి జాలీలు ఎక్కువగా 8 అంగుళాల చదరంలో వస్తాయి, మందం రెండున్నర నుంచి 4 అంగుళాల దాకా ఉంటుంది. 4 అంగుళాలది అడిగి తెప్పించుకోవాలి, షాపులో ముందు వరసలో పెట్టరు. మట్టి జాలీకి మన దేశంలో ఐఎస్ 7556 అని విడిగా ప్రమాణమే ఉంది, అమ్మేవాళ్లను దాని గురించి అడిగితే తప్పులేదు. కాగితం ఉన్నా లేకపోయినా ఇంట్లో మీరే చేయగల పరీక్షలు మూడున్నాయి, నాలుగు నమూనాలు తెచ్చుకుని చేయండి.

రెండు జాలీలను చేతుల్లో పట్టుకుని మెల్లగా తట్టండి. బాగా కాలినది కంచు పళ్లెంలా ఖంగుమంటుంది, సరిగా కాలనిది, లోపల చీలిక ఉన్నది మొద్దుగా మోగుతుంది. రెండోది, ఎండలో బాగా ఆరిన జాలీని తూకం వేసి, ఒక రోజంతా బకెట్‌లో ముంచి, తీసి, పైన తడి తుడిచి మళ్లీ తూకం వేయండి. 3 కిలోలది 3 కిలోల 400 గ్రాములు అయిందంటే 13 శాతం నీళ్లు పీల్చిందన్నమాట. మామూలు తరగతి ఎర్ర ఇటుకకే ఐఎస్ 1077లో 20 శాతం దాకా ఒప్పుకుంటారు, సన్నటి పక్కలున్న జాలీకి నేనైతే 15 దాటితే వద్దంటాను. మూడోది ఓపిక పరీక్ష. ఆ ముంచి తీసిన జాలీని నాలుగైదు రోజులు అలా నీడలో వదిలేయండి. మట్టిలో సున్నపు రాయి పలుకులు ఉంటే అవి కాలి, తడి తగిలాక ఉబ్బి, పైన పెచ్చు లేపుతాయి, మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఒక్క నమూనాలో అది కనపడినా ఆ సరుకు తీసుకోవద్దు, వానాకాలం వచ్చాక మీ గోడంతా అమ్మవారు పోసినట్టు అవుతుంది.

ఎన్ని కావాలో లెక్క సులువు. 8 అంగుళాల జాలీకి దర్జు, అంటే రెండు జాలీల మధ్య సిమెంట్ నింపే సందు, కలుపుకుంటే చదరపు అడుగుకు రెండుకు కాస్త పైన పడతాయి. మా బాల్కనీ వెడల్పు 10 అడుగులు, పిట్టగోడ పైనుంచి బీము దాకా 7 అడుగులు, 70 చదరపు అడుగులకు 144. లారీలో పగిలేవి, మేస్త్రీ కోసేటప్పుడు పోయేవి, దాచుకోవాల్సినవి అన్నీ కలిపి పదిహేను, ఇరవై ఎక్కువ తెప్పించుకోండి.

డబ్బు మరీ ఇబ్బందైతే, కింది అంతస్తుకో ప్రహరీకో అయితే, మామూలు ఎర్ర ఇటుకలనే సందులు వదిలి పేర్చండి. కేరళలో లారీ బేకర్ కట్టిన ఇళ్లలో, భవనాల్లో ఇలాంటి ఇటుక జాలీ గోడలే ఉంటాయి. 9 అంగుళాల మందంతో పేరిస్తే ఏ షాపు జాలీకీ లేనంత లోతు వస్తుంది.

బరువు, ఫ్రేము

ఇక్కడ తొందరపడొద్దు. మా రెండో జాలీ ఒక్కొక్కటి నాలుగున్నర కిలోలు తూగింది. 144 అంటే 650 కిలోలు, మాలు (సిమెంట్, ఇసుక కలిపినది), ఇనుప ఫ్రేము కలిస్తే ఏడు క్వింటాళ్లకు చేరుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 28 తెచ్చి బాల్కనీ అంచున వరసగా పేర్చినట్టు, ఎప్పటికీ తీయకుండా. బాల్కనీ చాలా ఇళ్లలో ముందుకు వేలాడే స్లాబ్, దాని అంచునే ఈ బరువంతా పడుతుంది. మేస్త్రీ "ఏం కాదక్కా" అంటాడు, ఆయన అనుభవం మీద నాకు గౌరవమే, కానీ స్లాబ్‌లో ఏ రాడ్డు ఎక్కడ వేశారో ఆయనకు తెలియదు. ఇల్లు డిజైన్ చేసిన ఇంజినీరుకు, లేదంటే ఇంకో స్ట్రక్చరల్ ఇంజినీరుకు తప్పకుండా చూపించండి. మాకు కింద పిల్లర్ల మీద బీము ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు, పిట్టగోడ నాలుగంగుళాలదే కనుక దాని మీద బరువు పెట్టొద్దని, ఎంఎస్ (మామూలు ఇనుప) బాక్స్ పైపులను పిట్టగోడ వెంట కింది బీము దాకా దించి బిగించమని చెప్పాడు. స్లాబ్ ఒప్పుకోకపోతే అంత బరువు లేని దారి చూసుకోవాలి, వెదురు తడకలు కట్టినా బయటివైపు కడితే ఎండకు మంచి పనే చేస్తాయి.

10 అడుగుల వెడల్పును ఒకే పలకలా కట్టొద్దు. మేం నిలువు పైపులతో మూడు భాగాలు చేశాం, ఒక్కోటి మూడడుగుల పైచిలుకు. ప్రతి మూడో వరసకు దర్జులో 6 మిల్లీమీటర్ల రాడ్డు వేసి రెండు చివరలా పైపుకు వెల్డింగ్ చేయించాం. మన దగ్గర ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలులు తెలుసు కదా, రేకులు ఎగిరిపోయేంత, జాలీ కన్నాల్లోంచి గాలి పోతుందని ధైర్యం చేయకండి. పైపులకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రెండు చేతులు ముందే కొట్టించాలి, జాలీ కట్టాక ఆ సందుల్లోకి బ్రష్ వెళ్లదు. పైన బీముకూ ఆఖరి వరసకూ మధ్య అరంగుళం వదిలి, సిమెంట్‌తో బిగించకుండా మెత్తటి సీలెంట్ నింపించండి, పై స్లాబ్ కాస్త వంగినా ఆ బరువు జాలీ మీదికి దిగదు.

కోతుల గురించి చెప్పకుండా వరంగల్‌లో జాలీ గురించి రాయడం కుదరదు. కోతికి జాలీ అంటే నిచ్చెనే. కన్నంలో వేళ్లు దూర్చి ఎక్కుతాయి, పట్టుకుని ఊపుతాయి, లోపలికి చెయ్యి పెట్టి అందినది లాగుతాయి. రెండున్నర అంగుళాల కన్నంలో కోతి పట్టదు, చెయ్యి పడుతుంది. జాలీకి మూరెడు దూరంలో ఏమీ పెట్టకండి, మామిడి తొక్కు జాడీ అసలే వద్దు. దర్జు గట్టిగా ఉంటే ఊపినా ఏం కాదు, డాబా తలుపు మాత్రం వేసి ఉంచాలి, ఎందుకంటే జాలీ ఎక్కినది అక్కడికే పోతుంది. పిల్లలకూ ఇది నిచ్చెనే అని మరిచిపోవద్దు. కింద మూడడుగులు నిండు గోడ ఉంచండి, జాలీ పైన బీము దాకా మూసి ఉండాలి, సగంలో ఆపితే పిల్లలు ఎక్కి అవతలికి వంగుతారు.

కట్టే రోజు

ముందు నేల మీద ఒక భాగం మొత్తం ఉత్తగా పేర్చి చూసుకోండి. మట్టి జాలీలన్నీ ఒకే కొలతలో రావు, కాలేటప్పుడు కుంచించుకుపోయి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట ఏరిపెట్టుకుంటే కన్నాల వరస కళ్లకు సూటిగా కనపడుతుంది. రంగు తేడా ఉన్నవి మాత్రం కలిపి వాడండి, ఒకేచోట పెడితే మచ్చలా కనిపిస్తుంది.

జాలీలను కట్టేముందు అరగంట నీళ్లలో ముంచి, తీసి, పైన తడి ఆరనివ్వాలి. పొడి జాలీ మాలులోని నీళ్లను లాగేసుకుంటుంది, దర్జు ఇసుకలా రాలిపోతుంది. కారుతున్న తడితో పెడితే జారుతుంది. మాలు ఒక పాలు సిమెంట్‌కు నాలుగు పాళ్లు ఇసుక, ఆ ఇసుక సన్నగా జల్లించినది. రోబో సాండ్ (రాయిని పొడిచేసిన ఇసుక) అయితే ప్లాస్టరింగ్ రకమే తెప్పించి మళ్లీ జల్లించాలి, గరుకు పలుకు ఒక్కటి ఉన్నా 10 మిల్లీమీటర్ల దర్జులో జాలీ సరిగా కూర్చోదు. దర్జు సమంగా రావడానికి మా మేస్త్రీ 10 మిల్లీమీటర్ల చెక్కపట్టీలు కోసి వరసల మధ్య పెట్టి, మాలు కాస్త గట్టిపడ్డాక లాగేసేవాడు, ఆ సందులో మళ్లీ మాలు నింపేవాడు. చూడటానికి ఆలస్యం పని, కానీ ఇప్పుడు బాల్కనీలో ఒక మూల నిలబడి కన్నాల వెంట చూస్తే దారం పట్టినట్టు ఉంటుంది.

రోజుకు నాలుగు వరసలు మించొద్దు. జాలీ బరువంతా సన్నటి అంచుల మీద ఆగుతుంది, పచ్చి దర్జు మీద ఎక్కువ పేరిస్తే కిందిది నలిగి బయటికి వస్తుంది. ప్రతి వరసకు తూకం గుండు, లెవల్ రెండూ చూడాలి. జాలీ మీద పడ్డ సిమెంట్‌ను అప్పుడే తడి స్పాంజితో తుడిచేయించండి, దగ్గరుండి, ఈ ఒక్క పని మేస్త్రీకి వదిలేయకండి. మట్టి ఆ సిమెంట్ పాలను లోపలికి పీల్చేసుకుంటే ఇక ఎప్పటికీ పోదు. తర్వాత యాసిడ్‌తో కడుగుదామంటారు, వద్దు, మట్టి మీద పసుపు, ఆకుపచ్చ మరకలు తేలతాయి, లోపలి రాడ్డుకూ తుప్పు పడుతుంది. కట్టాక వారం రోజులు దర్జులకు మెల్లగా నీళ్లు చల్లాలి.

మరికొన్ని, మరిచిపోతే బాధపెట్టేవి

జాలీకీ కిటికీకీ మధ్య ఖాళీ ఉండాలి. పడమటి జాలీ సాయంత్రానికి తానే వేడెక్కి ఆ వేడిని లోపలివైపు కూడా వదులుతుంది, కిటికీకి అంటించి కడితే ఆ వేడి గదిలోకే వస్తుంది. బాల్కనీ ఉంటే సమస్యే లేదు. లేకపోతే కనీసం ఒక అడుగు వదిలి, పైన మూయకుండా ఉంచితే వేడి గాలి పైకి పోతుంది, చెయ్యి పెట్టి తుడుచుకోవడానికీ వీలుంటుంది. ఎండ అద్దం దాటకముందే ఆగాలి, అదే జాలీ చేసే మేలు. లోపలి పర్దా ఎండను ఆపినా ఆ వేడి అప్పటికే గదిలోకి వచ్చేసింది.

ఏసీ బయటి యూనిట్‌ను జాలీ వెనక బంధించకండి. అది వదిలే వేడి గాలి జాలీకి తగిలి మళ్లీ దానిలోకే పోతుంది, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అసలే కష్టపడే మిషను ఇంకా తొందరగా చెడిపోతుంది. పక్కకో పైకో మార్చండి. గదికి జాలీ వైపు తప్ప వేరే దారి లేకపోతే, ఒక భాగాన్ని కబ్జాలతో తెరుచుకునేలా ఇనుప ఫ్రేములో పెట్టించండి, నిప్పు అంటుకున్నప్పుడు బయటపడటానికి దారి ఉండాలి.

వాన లోపలికి వస్తుంది. మన వానాకాలపు గాలి నైరుతి నుంచి వస్తుంది, పడమటి జాలీకి జల్లు నేరుగా కొడుతుంది. బాల్కనీ నేల బయటికి వాలుగా, నీళ్లు పోయే గొట్టం పెద్దదిగా ఉండాలి. కన్నాలు కాస్త ఏటవాలుగా ఉన్న జాలీ దొరికితే వాలు బయటివైపు కిందికి ఉండేలా కట్టించండి, జల్లు ఆగుతుంది, ఐదింటి ఎండ కూడా చాలామటుకు ఆగుతుంది. తిప్పి కడితే ప్రతి కన్నం నీళ్లను లోపలికి పోసే దోనె అవుతుంది. మేస్త్రీకి ముందే చెప్పి, మొదటి వరస పెట్టాక చూసుకోండి.

జాలీని జాగా హద్దు బయటికి, సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి) పెంచకూడదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం వదలాల్సిన ఖాళీ వదలాలి, కొత్తగా కట్టేవాళ్లు ప్లాన్‌లోనే జాలీని చూపించడం మేలు. వాస్తు అడిగేవాళ్లుంటే, దక్షిణం పడమర బరువుండాలనే చెబుతారు కాబట్టి పడమటి జాలీకి అడ్డు చెప్పరు, మా మామయ్య కూడా చెప్పలేదు.

మొదటి వానాకాలం తర్వాత జాలీ మీద తెల్లటి ఉప్పు పొర తేలితే భయపడకండి. పొడి బ్రష్‌తో రుద్ది దులిపేస్తే చాలు, ఒకటి రెండు వానలకు తగ్గిపోతుంది. ఎండాకాలం చల్లదనం కోసం జాలీ మీద నీళ్లు కొట్టాలనిపిస్తుంది, పొడి గాలికి నిజంగా చల్లబడుతుంది కూడా, కానీ ఉప్పు బోరు నీళ్లతో మాత్రం వద్దు, ఆ ఉప్పంతా మట్టిలోనే చేరి పైన పెచ్చులు లేపుతుంది. నీళ్లు పీల్చకుండా పూత వేయాలనుకుంటే సైలేన్, సైలాక్సేన్ రకం అడగండి, మట్టి లోపలి తడి ఆరడానికి అది అడ్డు రాదు. జాలీ పూర్తిగా ఆరాక, మంచి ఎండ కాసే రోజుల్లో వేయించాలి. మెరిసే వార్నిష్ వేస్తే తడి లోపలే ఉండిపోయి పొరలు పొరలుగా లేచి వస్తుంది.

దుమ్ము మేం ఏడాదికి రెండుసార్లు దులుపుతాం, ఉగాది ముందు ఒకసారి, బతుకమ్మ ముందు ఇంటి బూజు దులిపేటప్పుడు ఇంకోసారి. సీసాలు కడిగే పొడుగు బ్రష్ కన్నంలోకి సరిగ్గా పడుతుంది. కందిరీగలు గూడు పెట్టడానికి లోతైన కన్నాలు వాటికి భలే ఇష్టం, నెలకోసారి టార్చి వేసి చూడండి, చిన్నప్పుడే తీసేస్తే గొడవ ఉండదు. పావురాలు రెండున్నర అంగుళాల్లో దూరలేవు, 4 అంగుళాల దాంట్లో దూరాయి.

మిగిలిన జాలీలను పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి. ఇంకోసారి కాల్చిన దాంట్లో అదే రంగు రాదు. మావి పన్నెండు మెట్ల కింద గోనెసంచిలో ఉండేవి. పోయినేడు కోతి ఊపిన ఊపుకు పై వరసలో, పైపు పక్కనున్నది ఒకటి చీలితే మేస్త్రీని పిలిచి అందులోంచి తీసి మార్పించాం, ఇప్పుడు పదకొండు ఉన్నాయి.